ఆటగాళ్ల గాయాలకు మసాజ్ నేర్పేటప్పుడు ముందు ఏది, తర్వాత ఏది?

ప్రశ్న: నమస్తే మేడమ్. చాలాకాలంగా మసాజ్ థెరపీ నేర్పుతున్నాను. మా దగ్గర నేర్చుకున్నవాళ్లు రిలాక్సేషన్ మసాజ్ చక్కగా చేస్తారు. ఈమధ్య ఒక స్పోర్ట్స్ అకాడమీ వాళ్లు వచ్చి, తమ ఆటగాళ్ల గాయాలకు మసాజ్ చేయగలిగేవాళ్లు, అసలు గాయాలే రాకుండా చూసుకోగలిగేవాళ్లు కావాలన్నారు. మూడు నెలల కోర్సు పెట్టి ఓ పదిమందిని తయారుచేద్దామనుకుంటున్నాను. మా స్టూడెంట్లేమో డీప్ టిష్యూ (లోతుగా నొక్కే మసాజ్), ట్రిగర్ పాయింట్ (కండరంలో ముడిలా బిగిసిన చోటును నొక్కడం), కప్పింగ్ (కప్పులతో చర్మాన్ని పీల్చి లాగడం), టేపింగ్ (టేపు వేయడం) ఎప్పుడు మొదలుపెడతారని తొందరపడుతున్నారు. ఏది ముందు నేర్పాలి? దెబ్బ తగిలిన వెంటనే మసాజ్ చేయొచ్చా? మసాజ్ వల్ల లాక్టిక్ యాసిడ్ బయటికి పోతుందని చెప్పుకోవచ్చా? గాయాలు రాకుండా ఆపుతామని అకాడమీకి మాట ఇవ్వొచ్చా? ఇంకో విషయం. ఇప్పటికే ఇద్దరు తమకే బొటనవేళ్లు నొప్పులు పుడుతున్నాయంటున్నారు.

సమాధానం:

నమస్తే అండీ. మీ స్టూడెంట్లు అడుగుతున్న ఆ నాలుగింటినీ కోర్సు చివరికి జరపండి. మొదటి నెలంతా అడగడం, చూడడం, తాకి పోల్చుకోవడం, అవసరమైతే చెయ్యి వెనక్కి తీసుకోవడం నేర్పండి. వాళ్లకు బోర్ కొడుతుంది. అయినా సరే ఈ వరస మార్చకండి.

ఎందుకంటే, రిలాక్సేషన్ కోసం వచ్చేవాళ్ల ఒంట్లో సాధారణంగా తాజా గాయం ఉండదు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం జరగదు. ఆటగాడు అలా రాడు. నొప్పితో వస్తాడు, ఎల్లుండి మ్యాచ్ ఉందన్న టెన్షన్‌తో వస్తాడు, పైగా తన నొప్పికి తనే ఒక పేరు పెట్టుకుని వస్తాడు. ‘కండరం పట్టేసింది’, ‘నరం మీద నరం ఎక్కింది’, ‘ఇక్కడ గట్టిగా నొక్కండి చాలు, పోతుంది’. ఆ పేరును నమ్మి పని మొదలుపెట్టే థెరపిస్టుకు ఎంత హస్తవాసి ఉన్నా ఏదో ఒకరోజు ఎవరికో ఒకరికి హాని చేయక తప్పదు.

ఒక్క పిక్కనే తీసుకోండి. రెండు మూడు క్లాసులు దీనికే ఇచ్చినా దండగ కాదు. ‘పిక్క పట్టేసింది’ అంటూ వచ్చేవాళ్ల సమస్యలు ఎన్ని రకాలో చూడండి.

ఒకతనికి మ్యాచ్ చివర్లో పిక్క రాయిలా ముడుచుకుపోయింది. పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే కాసేపటికి వదిలింది. అది మామూలు కండరాల పట్టు. ఇంకొకామె రెండు రోజుల క్రితం కొత్తగా గెంతే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టింది. రెండు పిక్కలూ నొప్పే, మొదటిరోజు కన్నా రెండోరోజు ఎక్కువ. అలవాటు లేని పని చేసినప్పుడు 24 నుంచి 72 గంటల మధ్య బాగా తెలిసే ఒళ్లు నొప్పులు అవి. ఈ ఇద్దరికీ మీవాళ్లు హాయిగా మసాజ్ చేయొచ్చు.

మూడో అతను పరుగు అందుకోబోతుంటే పిక్క పైభాగంలో లోపలివైపు సూదితో పొడిచినట్టయింది. ఎవరో వెనక నుంచి కొట్టారనుకుని తిరిగి చూశానంటాడు. మునివేళ్ల మీద లేవలేకపోతున్నాడు. మర్నాటికి కమిలిన రంగు చీలమండ దాకా జారింది. కండరం చిరిగినట్టు అనుమానించాలి. నాలుగో అతనిదీ దాదాపు ఇదే కథ, కానీ చోటు ఇంకా కింద, మడమకు కాస్త పైన. ‘టప్’మని శబ్దం కూడా వినిపించిందంటాడు. ఇది పిక్క కండరాన్ని మడమకు కలిపే గట్టి తాడు లాంటి అకిలీస్ టెండన్ తెగడం కావచ్చు. తెగినా కొందరు కుంటుకుంటూ నడవగలరు, కూర్చుని పాదాన్ని కిందికి వంచగలరు కూడా, ఆ పనికి సాయపడే వేరే కండరాలు ఉన్నాయి కాబట్టి. అందుకే ఇది తరచుగా కన్ను తప్పించుకుంటుంది. బోర్లా పడుకోబెట్టి, పాదాలు టేబుల్ అంచు దాటి వేలాడేలా పెట్టి, పిక్కను నెమ్మదిగా పిండితే పాదం కిందికి కదలాలి. కదలకపోతే అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి. దీన్ని థామ్సన్ పరీక్ష అంటారు. మీవాళ్లు దీన్ని ఒకరి మీద ఒకరు చేసుకుంటూ మామూలు పాదం ఎలా కదులుతుందో కళ్లారా చూడాలి. మామూలుది తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఐదో ఆమె దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దెబ్బ తగల్లేదు, పరుగెత్తలేదు. ఒక్క పిక్కే వాచింది, వెచ్చగా ఉంది, రంగు కాస్త మారింది. అడిగితే ఈమధ్యే చాలా గంటలు కూర్చుని ప్రయాణం చేశానంటుంది, లేదా కాలికి కట్టు ఉండి మొన్ననే తీశారంటుంది. లోపలి రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, ప్రాణం మీదికి వస్తుంది. ఈ కాలి మీద వేలు కూడా పెట్టకూడదు, అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇక నడుము నుంచి దిగే నరం నొప్పి పిక్కలో తెలిసేవాళ్లు, ప్రతిసారీ పరుగు మొదలైన కొన్ని నిమిషాలకే కాలు బిగుసుకుపోయి పాదం మొద్దుబారి, ఆగితే తగ్గిపోయేవాళ్లు వేరే ఉన్నారు. దెబ్బ తగిలిన తర్వాత కాలు గట్టిపడుతూ, దెబ్బకు మించి భరించలేని నొప్పి పెరుగుతుంటే అది ఎమర్జెన్సీ.

ఇన్ని రకాలనూ విడదీసేది చెయ్యి కాదు, ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుండగా మొదలైంది? ఒక్కసారిగానా, మెల్లగానా? శబ్దం వచ్చిందా? ఒక వైపేనా, రెండు వైపులానా? రాత్రి నిద్రలో లేపుతోందా? తిమ్మిరి ఉందా? ఈమధ్య ఆపరేషన్, జ్వరం, దూర ప్రయాణం ఏమైనా ఉన్నాయా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఇప్పుడు నొప్పి మాత్ర వేసుకుని వచ్చారా? ఈ చివరి ప్రశ్న చాలామంది మరిచిపోతారు. మాత్ర పనిచేస్తున్నంతసేపూ ‘ఇంకా గట్టిగా’ అంటూనే ఉంటాడు, అసలు సంగతి రాత్రికి తెలుస్తుంది.

దీన్ని నేర్పడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి చీటీలు. ఒక స్టూడెంటును ఆటగాడిగా కూర్చోబెట్టి చేతికి చీటీ ఇవ్వండి. పైన ఆటగాడు వచ్చీ రాగానే అనే మాట ఉంటుంది: ‘పిక్క పట్టేసింది, పదినిమిషాల్లో ప్రాక్టీసుకి వెళ్లాలి’. కింద మిగతా వివరాలుంటాయి. అడిగితేనే చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. ఎదుటి స్టూడెంట్ అడిగి తెలుసుకుని, మసాజ్ చేస్తానో, ఆపుతానో, ఎవరి దగ్గరికి పంపుతానో చెప్పాలి. ప్రయాణం సంగతి అడగకుండా నూనె అందుకున్నవాడు, ఆ తర్వాత చీటీ చదివినప్పుడు నేర్చుకునే పాఠం మనం వందసార్లు చెప్పినా ఎక్కదు. తొడ వెనక, మోకాలు, భుజం, నడుము, వీటికీ ఇలాంటి చీటీలే రాసుకోండి. రాసేటప్పుడు ఒక స్పోర్ట్స్ ఫిజియోను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక హద్దు కూడా మొదటిరోజే గీయాలి. మీవాళ్లు రోగం పేరు చెప్పకూడదు. అనుమానించడం వాళ్ల పని, నిర్ధారించడం డాక్టర్ పని. ‘ఇది నేను చేయకూడనిది, ముందు డాక్టర్ చూడాలి’ అన్న మాట నోటికి తిరిగేదాకా పలికించండి. పెద్ద ఆటగాడి ముందు, తొందరపెట్టే కోచ్ ముందు ఈ ఒక్క వాక్యం అనడానికి కొత్తవాళ్లకు మొహమాటం అడ్డొస్తుంది. తనకు పని రాదనుకుంటారేమోనని భయం. ఆ భయం పోగొట్టడం శిక్షకురాలిగా మీ బాధ్యత.

దెబ్బ తగిలిన వెంటనే సంగతి. గాయం మీద మసాజ్ వద్దు. మొదటి రెండు మూడు రోజులు ఆ చోటును రక్షించడం, పైకెత్తి ఉంచడం, ఎలాస్టిక్ బ్యాండేజీతో ఓ మోస్తరుగా బిగించడం వరకే. ఐస్ గురించి స్టూడెంట్లు తప్పకుండా అడుగుతారు. విశ్రాంతి, ఐస్, బిగింపు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టర్. ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో ఆయనే తన మాట సవరించుకున్నారు. నొప్పి తగ్గడానికి కాసేపు ఐస్ పెట్టుకుంటే తప్పులేదు, గాయాన్ని మాన్పేది అదే అనుకోవద్దు. 2019లో ఇద్దరు ఫిజియోలు ప్రతిపాదించిన కొత్త పద్ధతిలో ఐస్‌కు చోటు లేదు. తొలిరోజుల్లో ఆటగాడు ఊరికే పడుకుని చేయించుకునే చికిత్సలతో పెద్దగా ఒరిగేది లేదని, వీలైనంత త్వరగా మెల్లమెల్లగా బరువు మోపడం, కదపడం ముఖ్యమని అందులో ఉంది. ఆ పడుకుని చేయించుకునే చికిత్సల్లో మనదీ ఒకటి. మనం నిజాయితీగా ఒప్పుకోవాల్సిన మాట ఇది.

తొడ ముందుభాగానికి ఎదుటివాడి మోకాలు బలంగా తగిలి కమిలిన గాయం గురించి విడిగా చెప్పండి. గడ్డలా ఉంది కదా అని తొలిరోజుల్లో దాన్ని గట్టిగా పిసికితే లోపల రక్తస్రావం పెరుగుతుంది, కొందరిలో ఆ కండరం మధ్యలో ఎముక లాంటిది ఏర్పడుతుంది. వారాల్లో పోయేది నెలలు పడుతుంది. చీలమండ మడతపడి వచ్చినవాళ్లకు 1992లో కెనడాలో రూపొందిన ఒటావా నియమాలు నేర్పండి. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల చివర గానీ, వాటి వెనక అంచు మీద కింది 6 సెంటీమీటర్లలో గానీ నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. పాదం నడిమి భాగంలో నొప్పి ఉంటే బయటి అంచున చిటికెనవేలి ఎముక మొదలు, లోపలి వైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక కూడా ఇలాగే నొక్కి చూడాలి. పాదం పట్టుకుని నేర్పితే అరగంటలో వస్తుంది.

ఇక చేతిపని. మీవాళ్లకు చేయి మంచిదంటున్నారు కాబట్టి సగం పని అయినట్టే. కొత్తగా కావాల్సింది పోల్చుకునే అలవాటు. ముందు బాగున్న కాలు, తర్వాత నొప్పి ఉన్న కాలు. అదే వరస, అదే ఒత్తిడి. తొడ వెనక మూడు కండరాలుంటాయి. వేగంగా పరుగెత్తేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది బయటివైపున్నది. బోర్లా పడుకోబెట్టి, మోకాలు కాస్త మడిపించి, మడమకు మీ చేయి అడ్డం పెట్టి నెట్టమంటే ఆ కండరాలు వేళ్ల కింద తాళ్లలా లేస్తాయి. బయటిది ఏది, లోపలివి ఏవి అన్నది ముందు కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని పట్టుకోగలగాలి. అప్పుడే ‘ఇక్కడ నొప్పి’ అన్నప్పుడు అది కండరం మధ్యలోనా, కూర్చునే ఎముక దగ్గరా అన్నది తెలుస్తుంది. ఎదిగే వయసు పిల్లల్లో ఆ ఎముక దగ్గర ఒక్కసారిగా నొప్పి పుట్టి శబ్దం వచ్చిందంటే, కండరం ఎముక ముక్కను లాక్కుని ఊడి ఉండొచ్చు. ఎక్స్‌రే కావాలి, మసాజ్ కాదు.

ఒత్తిడి ఎంత అన్నది ఆటగాడిని అడిగి తేల్చుకోవాలి. సున్నా నుంచి పది దాకా లెక్కలో ఐదు దాటనివ్వకండి. ఊపిరి బిగబట్టడం, పిడికిలి బిగించడం, కాలి వేళ్లు ముడవడం కనిపిస్తే నోటితో ‘పర్లేదు’ అన్నా సరే తగ్గించాలి. నొప్పి ఎక్కువ పెడితే ఎక్కువ గుణం అనే నమ్మకం ఆటగాళ్లలో బలంగా ఉంది. దాన్ని మనం పెంచి పోషించకూడదు. గట్టిగా నొక్కకూడని చోట్లు నోటికి రావాలి: మెడ ముందుభాగం, చంక, మోచేతి లోపలి వైపు, గజ్జ, మోకాలి వెనక గుంట, మూత్రపిండాలుండే నడుము పైభాగం. మోకాలి బయటివైపు కాస్త కిందగా తగిలే చిన్న ఎముక గుండు వెనక నరం పైపైనే పోతుంది. అక్కడ మోచెయ్యి ఆనిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది.

చిరిగిన కండరం మానే క్రమం కూడా చెప్పండి. మొదటి కొన్ని రోజులు వాపు దశ. తర్వాత కొన్ని వారాలు కొత్త కణజాలం పేరుకునే దశ. ఆపైన నెలల తరబడి అది బలపడే దశ. రెండో దశ నుంచి ఫిజియో సరేనన్నాక గాయం చుట్టుపక్కల తేలికగా, తర్వాత మెల్లగా గాయం మీదికి. లోపల ఏర్పడిన మచ్చను వేళ్లతో ‘విరగ్గొడతాం’ అని మాత్రం ఎవరూ అనకూడదు. వేళ్ల ఒత్తిడికి అది విరగదు. దాన్ని మళ్లీ పని చేయించగలిగేది క్రమంగా పెంచే బరువు, కదలిక. మసాజ్ నొప్పినీ బిగువునూ కాస్త తగ్గించి, ఆ ఎక్సర్‌సైజు చేయడానికి ఒంటిని సిద్ధం చేస్తుంది. అది చిన్న సాయమేమీ కాదు. నొప్పితో అడుగు వేయడానికి భయపడే ఆటగాడు మసాజ్ తర్వాత ధైర్యంగా ఎక్సర్‌సైజు మొదలుపెట్టడం నేను చాలాసార్లు చూశాను.

ట్రిగర్ పాయింట్, కప్పింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. నేర్పండి, ఆఖరి వారాల్లో నేర్పండి, గొప్పలు చెప్పకుండా నేర్పండి. 2016 ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటి మీద కప్పింగ్ మచ్చలు ప్రపంచమంతా చూసింది. ఆయన పతకాలకు ఆ మచ్చలు కారణం కాదు. టేపింగ్‌లో ఒకసారి బెణికిన చీలమండకు గట్టి టేపు గానీ, బ్రేస్ (చీలమండను కదలకుండా పట్టి ఉంచే పట్టీ) గానీ వేస్తే మళ్లీ బెణకడం తగ్గుతుంది. దాన్ని ఫిజియో చేత నేర్పించండి.

లాక్టిక్ యాసిడ్ మాట మీ కరపత్రంలో ఉంటే తీసేయండి. శ్రమ ఆపిన గంటలోపే రక్తంలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మసాజ్ ఉన్నా లేకపోయినా. రెండోరోజు ఒళ్లు నొప్పులకు కారణం అది కాదు, అలవాటు లేని శ్రమకు కండరంలో జరిగే సూక్ష్మమైన నష్టం, దాని వెంట వచ్చే వాపు. 2010లో కెనడాలో చేసిన ఒక ప్రయోగంలో, శ్రమ అయిన వెంటనే మసాజ్ చేస్తే రక్తప్రవాహానికి అడ్డు తగిలి లాక్టేట్ పోవడం ఇంకా నెమ్మదించిందని తేలింది. మరి మసాజ్‌తో ఏం వస్తుంది? 2020లో 29 అధ్యయనాలను కలిపి చూశారు. బలం, వేగం, దూకడం, దమ్ము వీటిలో మెరుగుదల కనిపించలేదు. ఒళ్లు సులువుగా వంగడం, తర్వాతి రోజుల నొప్పులు ఈ రెండింటిలో చిన్నదే అయినా మేలు కనిపించింది. వరసగా మ్యాచ్‌లు ఆడేవాళ్లకు ఆ చిన్న మేలు విలువైనదే. ఉన్నంతే చెబితే ఎవరి ముందూ తలవంచుకోవాల్సిన పని ఉండదు.

గాయాలు రాకుండా ఆపుతామని మాట ఇవ్వకండి. ఆ పని ఒక్క మసాజ్ వల్ల కాదు. నిజంగా తగ్గించేవి వేరే ఉన్నాయి, మీ స్టూడెంట్లకు అవి తెలిసి ఉండాలి. ఒకరు చీలమండలు పట్టుకోగా మోకాళ్ల మీద నిలబడి ఒంటిని నిదానంగా ముందుకు వాల్చే నార్డిక్ ఎక్సర్‌సైజును మానకుండా చేసిన జట్లలో తొడ వెనక గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఫుట్‌బాల్‌లో 20 నిమిషాల ‘ఫిఫా 11 ప్లస్’ వార్మప్ క్రమం తప్పకుండా చేసిన జట్లకు గాయాలు స్పష్టంగా తగ్గాయి. ప్రాక్టీసు ఉన్నట్టుండి పెంచితే గాయాలు పెరుగుతాయి. ఎదిగే వయసు ఆటగాళ్ల మీద 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో, రాత్రి 8 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లు 1.7 రెట్లు ఎక్కువగా గాయపడ్డారు. అన్నింటికన్నా పెద్ద హెచ్చరిక పాత గాయం. ఒకసారి చిరిగిన చోటే మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ, అందులోనూ ఆటలోకి తిరిగి వచ్చిన తొలి వారాల్లో.

మరి ఇందులో థెరపిస్ట్ పాత్ర ఏమిటి? నా దృష్టిలో అది చాలా పెద్దది. కోచ్ ముందు ఆటగాడు నొప్పి దాస్తాడు, జట్టులోంచి తీసేస్తారని భయం. డాక్టర్ దగ్గరికి చిన్న నొప్పికి వెళ్లడు. మసాజ్ టేబుల్ మీద ముప్పావుగంట పడుకున్నప్పుడు మాత్రం మాట వదులుతాడు. ‘ఈ వారం నిద్ర సరిగ్గా లేదు’, ‘కొత్త బూట్లు వేసినప్పటి నుంచి ముంగాలు నొప్పి’, ‘ఎడమవైపు ఎందుకో నమ్మకంగా పరుగెత్తలేకపోతున్నా’. ఇవి విని, చేతికి తగిలిన దాంతో కలిపి చూసుకోగలిగితే నివారణ అక్కడే మొదలవుతుంది. అందుకని ప్రతి సెషన్ తర్వాత నాలుగు లైన్లు రాసే అలవాటు చేయించండి: ఎక్కడ బిగువు, ఎక్కడ నొప్పి, పోయినసారి కన్నా హెచ్చా తగ్గా, ఆటగాడు ఏమన్నాడు. కండరంలో బిగువు ఈ వారం ఒకచోట, వచ్చేవారం ఇంకోచోట ఉండడం మామూలే. వరసగా మూడు వారాలు అదేచోట పెరుగుతూ పోతే ఫిజియోకు చెప్పాలి. ముంగాలి ఎముక వెంబడి జానెడు మేర సలుపు ఉండడం వేరు, వేలెడంత చోట ఎముక మీద నొక్కగానే ప్రాణం పోవడం వేరు. రెండోదానికి రాత్రిపూట నొప్పి కూడా తోడైతే ఎముకలో సన్నని పగులు కావచ్చు, అప్పటికి ఇంకా పరుగెత్తుతూనే ఉంటారు. ఆ ఒక్క లైను సమయానికి రాసి ఫిజియోకు చేరవేసిన థెరపిస్ట్ ఆ ఆటగాడికి ఒక సీజన్ మిగిల్చినట్టే.

కానీ టేబుల్ మీద చెప్పిన మాట ఆటగాడిది. అతని అనుమతి లేకుండా కోచ్‌కు చేరకూడదు. ‘ఇది ఫిజియోకు చెబుతాను, సరేనా?’ అని అడగాలి. ఒక్కసారి నమ్మకం పోతే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

మ్యాచ్ రోజు పద్ధతి వేరు. ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు, చురుగ్గా, పైపైన. లోతైన పని ఆరోజు వద్దు, వార్మప్‌కు అది బదులు కూడా కాదు. ఆట తర్వాత ఊపిరి కుదుటపడి, నీళ్లు తాగి, కాసేపు నడిచాక తేలికగా. తల తిరుగుతోందా, ఎక్కడున్నాడో తెలుస్తోందా అని ముందు చూడాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ. చుట్టూ ఉన్నవాళ్లను కేకేసి వెంటనే ఒళ్లు చల్లబరచాలి, ఆంబులెన్స్ పిలవాలి. తలకు దెబ్బ తగిలి మెడ పట్టేసిందని వచ్చినవాళ్ల మెడ ముట్టుకోకూడదు. విపరీతమైన ఎక్సర్‌సైజు తర్వాత కండరాలు ఉబ్బి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందంటే ఆస్పత్రికే.

అకాడమీ అంటున్నారు కాబట్టి అక్కడ మైనర్లు ఉంటారు. వాళ్లకు మసాజ్ చేసేటప్పుడు తల్లిదండ్రులో, సంరక్షకులో, వాళ్లు ఒప్పుకున్న మరో పెద్దవాళ్లో గదిలో ఉండాలి, తలుపు మూయకూడదు. ఎక్కడ చెయ్యి వేస్తున్నారో, ఎందుకో ముందే చెప్పాలి, వద్దంటే ఆపాలి, మిగతా ఒళ్లు దుప్పటితో కప్పి ఉంచాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్‌గా పనిచేసిన వ్యక్తి చికిత్స పేరుతో ఏళ్ల తరబడి వందలమంది అమ్మాయిలపై లైంగిక వేధింపులకు పాల్పడ్డాడు, 2018లో కోర్టు సుదీర్ఘ జైలుశిక్ష వేసింది. చాలామంది పిల్లలకు అది చికిత్సో కాదో కూడా తెలియలేదు. ఈ క్లాసును ఎట్టిపరిస్థితుల్లోనూ ఎగ్గొట్టనివ్వకండి.

చాలా కోర్సుల్లో నేర్పని సంగతి ఇంకొకటుంది. థెరపిస్ట్ చేతికున్న మందు ఆటగాడి ఒంట్లోకి వెళ్తుంది. 2024 మార్చిలో టెన్నిస్ ఆటగాడు యానిక్ సిన్నర్‌కు డోపింగ్ పరీక్షలో క్లోస్టెబాల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ బయటపడింది. అతని ఫిజియో తెగిన వేలికి ఒక స్ప్రే వాడి, ఉత్తచేతులతో మసాజ్ చేయడం వల్ల అది చర్మం ద్వారా చేరిందన్న వివరణను విచారణ జరిపిన ట్రిబ్యునల్ అంగీకరించింది. తప్పు తనది కాకపోయినా చివరికి 2025 ఫిబ్రవరిలో సిన్నర్ మూడు నెలల నిషేధానికి అంగీకరించాల్సి వచ్చింది. కాబట్టి మీవాళ్ల చేతికి పుండు ఉంటే ఆరోజు పని వద్దు. తమకు వాడే మందైనా, ఆటగాడికి రాసే క్రీమైనా లేబుల్ చదవాలి, జట్టు డాక్టర్‌కు చూపించాలి. పేరు తెలియని నూనెలు, ఎవరో ఇచ్చిన బామ్‌లు టేబుల్ దగ్గరికే రానివ్వద్దు.

బొటనవేళ్ల నొప్పి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆటగాళ్ల కండరాలు మందంగా, గట్టిగా ఉంటాయి. వేళ్ల బలంతో వాటిని నొక్కడం మొదలుపెడితే త్వరలోనే ఈ వృత్తికే దూరమవుతారు. బొటనవేలు వెనక్కి విల్లులా వంగేలా నొక్కుతున్నారేమో చూడండి, చాలావరకు కారణం అదే. వెడల్పు చోట్ల ముంజెయ్యి, లోతు కావాల్సిన చోట మోచెయ్యి లేదా మడిచిన పిడికిలి వాడాలి. బొటనవేలు తప్పనిసరైన చిన్న చోట్ల దాన్ని నిటారుగా ఉంచి రెండో చేత్తో దన్ను ఇవ్వాలి. బలం భుజం నుంచి కాదు, ముందుకు వాలిన ఒంటి బరువు నుంచి రావాలి. టేబుల్ ఎత్తుగా ఉంటే అది కుదరదు. పక్కన నిలబడి చేతులు కిందికి వదిలితే పిడికిలి కణుపులు టేబుల్‌కు తగిలేంత ఎత్తు చాలు. ఆ ఇద్దరికీ నొప్పి తగ్గేదాకా లోతైన పని ఆపించండి.

మూడు నెలలు సరిపోతాయా? అనుభవం ఉన్న చేతులు కాబట్టి పునాదికి సరిపోతాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఒక ఫిజియో కళ్లముందు పనిచేయాలి. పరీక్ష పెట్టేటప్పుడు వచ్చిన కేసుల్లో దాదాపు సగం మసాజ్ చేయకూడనివే ఉండేలా చూడండి. ఎంత అందంగా చేసినా, చేయకూడని కేసులో చేసినవాళ్లను పాస్ చేయొద్దు.

అకాడమీకి రాసే ఉత్తరంలో మూడే మాటలు చాలు. నొప్పి, బిగువు తగ్గించి ఆటగాళ్లు కోలుకోవడానికి సాయపడతాం. ప్రతి సెషన్‌లో గమనించింది రాసిపెడతాం. అనుమానం వస్తే ఆపి ఫిజియోకో, డాక్టర్‌కో పంపుతాం, ఆ నిర్ణయాన్ని కోచ్ మార్చకూడదు. ఈ చివరిదానికి వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అసలు ఫిజియోనే లేని అకాడమీ అయితే ముందు ఒకరిని పెట్టుకోమనండి. ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు, నంబరు మసాజ్ గది గోడ మీద అతికించేదాకా మీవాళ్లెవరినీ అక్కడికి పంపకండి.